గడగడా చెప్పే బడి

చిట్టేడు అనే జంతువుల ఊళ్లో గుప్పెడు గడపలకి రెండు సర్కారు బడులు. మిట్ట మీది బడికి ఎద్దు వీరన్న మాస్టారు, పల్లంలో బడికి నక్క నరహరి మాస్టారు. ఆ ఏడు పైనుంచి ఆర్డరొచ్చింది, పిల్లలు తక్కువున్న బడి మూసెయ్యాలని. రెండింట్లోనూ సరిగ్గా పదేసి మంది.

మేక మంగకి చదువు రాదు. అందుకే కొడుకు సోముకి ఎలాగైనా రావాలని ఆమె ఆరాటం. వాడు వీరన్న దగ్గర రెండేళ్లుగా, అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కుంటున్నాడు.

ఓ పొద్దున నరహరి గుమ్మంలోకొచ్చాడు.

"ఏం వదినా, మీవాడింకా నత్తి కొడుతున్నాడట?"

"నత్తేమిటి మాస్టారూ! చదువుతున్నాడు."

"అదీ ఒక చదువేనా? మా పిల్లల్ని విని, మీరే పోల్చి చూసుకోండి."

వెళ్లి వింది. పదిమందీ పుస్తకం వంకైనా చూడకుండా పాఠం గడగడా అప్పజెప్పేశారు. అబ్బో, చదువంటే ఇదీ అనుకుంది పిచ్చిది.

మర్నాడే వీరన్న దగ్గరికెళ్లి టీసీ అడిగింది.

"తొందరపడుతున్నావమ్మా. వాడికిప్పుడిప్పుడే పట్టు దొరుకుతోంది. ఈ ఒక్క ఏడాదీ ఆగు."

"అవతల పిల్లలు దూసుకుపోతుంటే నా బిడ్డ తడుముకుంటూ కూచోవాలా?"

"వీడు పోతే..." అని ఆగిపోయాడు వీరన్న. తన బడి కోసం బతిమాలుతున్నాడనుకుంటుందని కాబోలు, టీసీ రాసిచ్చాడు. ఒక్క పిల్లాడు పోతే బడి మూతపడుతుందా ఏం, అనుకుంది మంగ.

రెండు నెలల తర్వాత కొడుకుతో సంతకెళ్తుంటే మిట్ట బడికి తాళం, తలుపు మీద కాయితం.

"ఏం రాశారో చదవరా సోమూ."

వాడు ఆకాశం చూస్తూ అందుకున్నాడు. "వానాకాలమున కప్పలు బెకబెకమనును. కప్పలు..."

"అది కాదురా, ఈ కాయితం!"

"మాకు అదే నేర్పారమ్మా. వేలు పెట్టి చదవనివ్వరు, అక్షరాలు మర్చిపోయాను."

పక్కనే ఉన్న వీరన్న బడిపిల్ల, గొర్రెపిల్ల ఎల్లి, మెల్లిగా చదివింది. "పిల్లలు... ఒకరు... తగ్గి...నందున... ఈ బడి... మూసి...వేయ...డమైనది."

"మాస్టారేరే తల్లీ?"

"ఏరవతల ఊరికి పంపేశారత్తా. రేపట్నుంచి మేమందరం నరహరి మాస్టారి బడికే."

మంగ అక్కడే కూలబడింది. "నా కొడుకొక్కడి చదువే అనుకున్నానే! మీ అందరి చదువూ నేనే పాడుచేశాను" అని ఏడ్చింది.

నీతి: పిల్లలు చూడని కాయితం వాళ్ల చేతికిచ్చి చదివించి చూడందే, ఏ బడి గొప్పదో తేల్చకండి.