చిలకల తాడు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. చిన్నవాడు మణికేతు. హేమలేఖ అనే రాకుమారితో అతనికి తాంబూలాలు పుచ్చుకున్నారు. నోట్లో ఆ ఎరుపైనా పోకముందే వక్రజటుడనే మాంత్రికుడు ఆ పిల్లని చిలకగా మార్చి ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు, పాపిష్టివాడు.

పెద్దన్న వెతకబోయి రాయైపోయాడు. రెండో అన్న వెతకబోయి అతనూ రాయైపోయాడు. ఇక మణికేతు బయలుదేరాడు. ఏడో సముద్రం దాటాక ఒడ్డున నీళ్ళలో కొట్టుకుపోతున్న చీమని ఆకు మీదకి ఎక్కించి కాపాడాడు. ఆ చీమకి మాటలొచ్చు. అన్నలు ఎక్కడ పొరబడ్డారో అది చెప్పింది.

మాంత్రికుడి కోటలో పొడవాటి తాడు ఉంది. దాని నిండా చిలకలు. ఒకచోట మాత్రం ఖాళీ. వరస అక్కడితో అయిపోయినట్టే. ఆ పైన ఉన్నవి చిలకలు కావు, మాయ. మనం ఏది వినాలనుకుంటే అదే పలుకుతాయి. పెద్దన్నకి ఓపిక లేక, కంటికి నచ్చిన చిలకని పట్టేసుకున్నాడు. రెండో అన్న వరసగానే చూశాడు గానీ ఖాళీ దగ్గర ఆగలేకపోయాడు.

"మొదటిదాంతో మొదలుపెట్టు నాయనా. ఒక్కదాన్నీ వదలకు. అన్నిటినీ ఒకటే అడుగు. ఖాళీ వచ్చిందా, ఆగిపో" అంది చీమ.

కోటలోకి వచ్చిన మణికేతుని చూసి మాంత్రికుడు నవ్వాడు. తాడు మీద ఆ పిల్ల ఉందో లేదో, ఉంటే ఏ చిలకో, నిజం చెబితే తన దండం విరిగి మాయంతా పోతుందనీ, తప్పు చెబితే రాయి కావాలనీ పందెం కట్టాడు.

"తాంబూలాలప్పుడు నా చేతిలోంచి ఏం జారిపడింది?" అని మణికేతు మొదటి చిలకని అడిగాడు. ఉంగరం అంది. కాదు. రెండోదాన్ని అడిగాడు. కొబ్బరికాయ అంది. కాదు. మూడోదాన్ని అడిగాడు. అరటిపండు అంది. అదీ కాదు. అలా అడిగి అడిగి గొంతు ఎండిపోయింది. ఖాళీ వచ్చేసింది. హేమలేఖ దొరకలేదు.

అప్పుడు ఖాళీకి అవతలనుంచి అచ్చం ఆమె గొంతే వినిపించింది.

"పసుపుకొమ్ము జారిపడింది. నా పాదం మీదే పడింది. నన్ను తీసుకుపోరూ?"

మణికేతు గుండె నీరైపోయింది. ఒక్క అడుగు వేస్తే చాలు. పాపం, తాడు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడ్చి, వెనక్కి తిరిగాడు.

"ఈ తాడు మీద నా హేమ లేదు" అన్నాడు.

అదే నిజం. ఆ దొంగవెధవ ఆమెని తన జడల్లోనే దాచుకున్నాడు మరి. దండం ఫెళ్ళున విరిగింది. మాంత్రికుడు బూడిదైపోయాడు. జడల్లోంచి ఎగిరొచ్చిన చిలక హేమలేఖ అయింది. అన్నలిద్దరూ నిద్రలేచినట్టు లేచి తమ్ముణ్ణి కావలించుకున్నారు.

పెళ్ళిపీటల మీద హేమలేఖ మెల్లగా అడిగింది.

"అన్నీ వింటూనే ఉన్నాను. నా గొంతుతో అంతలా పిలిస్తే ఎలా వెనక్కి తిరిగారు?"

"ఏడుస్తూ తిరిగాను" అన్నాడు మణికేతు.

ఆమె తలంబ్రాలు పోయడం మరిచిపోయి అతని చెయ్యి పట్టుకుంది. వాళ్ళు నూరేళ్ళు రాజ్యం ఏలారు. ఆ చెయ్యి మాత్రం ఆమె ఇక వదలనే లేదు.