చలమయ్య చెప్పని ఘట్టం

చలమయ్యకి గురువుగారి కర్ర కావాలి.

వెండి పొన్ను వేసిన బెత్తం కర్ర అది. సినిమా బొమ్మకి ఇంకా నోరు రాని రోజులవి. ఊరి బయట డేరా వేసి బొమ్మ ఆడించేవాళ్లు. తెర పక్కన ఒక మనిషి నిలబడి, కర్రతో చూపిస్తూ, బొమ్మలో వాళ్లెవరో, ఏమంటున్నారో, కథ ఎటు పోతోందో జనానికి చెప్పాలి. హరికథలు చెప్పీ చెప్పీ గొంతు అరిగాక గురువు వరహాలదాసుగారు ఈ పనిలోకి వచ్చారు. ఇక్కడా ఆయన మాటకి తిరుగు లేకపోయింది. ఆయన చేతుల మీదుగా ఆ కర్ర పుచ్చుకున్నవాడే పూర్తి వ్యాఖ్యాత అని చుట్టుపక్కల డేరాల వాళ్లందరి నమ్మకం.

ఇప్పుడు ఆ గొంతు కూడా సన్నబడింది. ఆట మొత్తం శిష్యుడికే వదిలేసి, దాసుగారు గేటు దగ్గర మడత కుర్చీలో కూర్చుంటున్నారు.

చలమయ్య దగ్గర వెదురు కర్ర ఉంది. దానికి తోడు జనం ఉన్నారు. మామూలు జనం కాదు. బళ్లు కట్టుకుని పొరుగూళ్ల నుంచి వచ్చేవాళ్లు, చూసిన బొమ్మనే మళ్లీ మళ్లీ చూసేవాళ్లు, అతను చెప్పిన మాటల్ని కల్లాల్లో అప్పజెప్పుకునేవాళ్లు. వాళ్లందరికీ పెద్ద, బుల్లెబ్బాయి అనే పొగాకు రైతు.

"బొమ్మదేముందండీ, ఏ డేరాలోనైనా అదే బొమ్మ," అనేవాడు బుల్లెబ్బాయి, మీసం మీద చెయ్యి వేసి. "చలమయ్యగారి తల్లి ఘట్టం వినాలంటే మాత్రం ఇక్కడికే రావాలి."

అప్పుడు ఆడుతున్న బొమ్మ ఒక తల్లి కథ. ఏరు పొంగి బిడ్డ కొట్టుకుపోతాడు. ఆమె ఊరూరా వెతుకుతుంది. చివరికి ఒక జాతరలో, గారడీవాళ్ల గుంపులో, ఎదిగిన కొడుకు కనిపిస్తాడు. ఆ చోట చలమయ్య గొంతు ఎత్తేవాడు. తల్లి నేల మీద పడి గుండెలు బాదుకుని ఏడ్చే ఏడుపంతా తన గొంతులోంచి తీసేవాడు. డేరా దద్దరిల్లేది. ఈలలు పడేవి, తెర ముందు డబ్బులు పడేవి. కరపత్రాల మీద బొమ్మ పేరు కంటే చలమయ్య పేరే పెద్ద అక్షరాల్లో వేయిస్తున్నారు.

గుడివాడ నుంచి ఒక డేరా యజమాని తాంబూలం పట్టుకొచ్చాడు. "దాసుగారి కర్రతో రండి. మా డేరా మీదే అనుకోండి," అన్నాడు.

చలమయ్య గురువుగారి కుర్చీ దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"గురువుగారూ, నాకు కర్ర ఇప్పించండి."

"కర్ర నీదేరా. నాకింకెవరున్నారు," అన్నారు దాసుగారు. "ఆ తల్లి ఘట్టం బాగా చెబుతున్నావట."

"కళ్లు మూసుకుని చెబుతానండి. బొమ్మ వైపు చూడక్కర్లేదు. బొమ్మ మర తిప్పే చప్పుడు బట్టి తెర మీద ఏం నడుస్తోందో తెలిసిపోతుంది. నా చూపంతా జనం మీదే ఉంటుంది."

"బొమ్మ చూడక్కర్లేదా?"

"ఒక్క మాట పొల్లుపోదండి."

దాసుగారు తల ఊపారు. "ఇవాళ తెర పక్కకొచ్చి కూర్చుంటాను," అన్నారు.

ఆ సాయంత్రం డేరా కిక్కిరిసింది. గురువు వింటున్నారని చలమయ్య గొంతు ఇంకా నిండుగా పలికింది. ఏరు పొంగినప్పుడు వెనక బల్లల మీద పిల్లలు కాళ్లు పైకి లాక్కున్నారు. జాతర వచ్చింది. బుల్లెబ్బాయి పక్కవాడి మోకాలు తట్టి, "ఇదిగో, ఇక్కడే, చెవులు అప్పగించు," అన్నాడు.

చలమయ్య గొంతు ఎత్తడానికి ఊపిరి పీల్చాడు.

"ఒరేయ్," అని పిలిచారు దాసుగారు. "నోరు తెరు."

అతను తెరిచాడు. గురువుగారు అందులో ఒక పటికబెల్లం ముక్క పెట్టారు. నిమ్మకాయంత ముక్క. "రాములవారి ప్రసాదం. కొరక్కు. కరగనీ."

మింగడానికి లేదు. ప్రసాదం, ఉమ్మడానికి అసలే లేదు. మాట్లాడదామంటే నాలుక కదలదు. డేరాలో మర తిప్పే చప్పుడు ఒక్కటే మిగిలింది.

"చలమయ్యగారూ, కానివ్వండి," అన్నాడు బుల్లెబ్బాయి.

"గొంతు పట్టేసినట్టుంది పాపం," అన్నారెవరో.

"గుడివాడ తాంబూలం అడ్డం పడుంటుంది," అన్నాడు ఇంకొకడు. నవ్వులు.

అన్ని కళ్లు చలమయ్య వైపే ఉన్నాయి. వాటిని చూడలేక వెనక్కి తిరిగాడు. అటు తెర ఉంది.

తెర మీద తల్లి ఏడవడం లేదు.

ఆమె కొడుకు ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉంది. కావిలించుకోలేదు కూడా. ఆ పిల్లవాడికి ఆమె ఎవరో ఇంకా తెలియదు. ఆమె వాడి మణికట్టు పట్టుకుని, బొటనవేలూ చూపుడువేలూ చుట్టూ వేసి కొలుస్తోంది. భుజం ఎముక మీద మెల్లగా వేలు రాస్తోంది. వాడి చొక్కా కాస్త ఎత్తి పొట్ట వైపు చూసింది.

"తిన్నాడో లేదో చూసుకుంటోంది," అంది ఆడవాళ్ల వైపు నుంచి ఒకావిడ. ఎవరితోనూ అన్నట్టు లేదు.

"ఎముకలు చేతికి తగులుతున్నాయి కాబోలు," అంది ఇంకొకావిడ.

"లేదులే వదినా, ఆ మొహం చూడు. ఫరవాలేదు, ఎవరో ఇంత ముద్ద పెట్టారు అనుకుంటోంది."

తెర మీద తల్లి నవ్వింది. చిన్న నవ్వు. అప్పుడు ఆడవాళ్ల వైపు ఎవరో ముక్కు ఎగబీల్చారు. తరవాత మగవాళ్ల వైపు కూడా. బుల్లెబ్బాయి తలపాగా విప్పి మొహం తుడుచుకుంటున్నాడు. ఈల పడలేదు. డబ్బులు పడలేదు. బల్ల కిర్రుమన్న చప్పుడు కూడా లేదు.

ఇన్నాళ్లూ ఆమెని తాను నేల మీద పడేశాడు. గుండెలు బాదించాడు. పాపం, ఆమె ఇక్కడ, తన వెనకాలే, ప్రతి ఆటలోనూ కొడుకు ఒళ్లు తడిమి చూసుకుంటూనే ఉంది.

పటికబెల్లం ఇంకా సగమైనా కరగలేదు.

ఆట అయ్యాక చలమయ్య వచ్చి గురువుగారి ఎదుట నిలబడ్డాడు. చివాట్లు పడతాయనుకున్నాడు. దాసుగారు ఉత్తరీయం దులుపుకుని లేచారు.

"రేపటి ఆట కూడా నీదే," అన్నారు. కర్ర మాట ఎత్తలేదు. చలమయ్యా అడగలేదు.

మర్నాడు ఇంకా జనం వచ్చారు. నిన్న ఏదో జరిగిందని విని వచ్చినవాళ్లు కొందరు, గొంతు బాగుపడిందో లేదో చూద్దామని వచ్చినవాళ్లు కొందరు. చలమయ్య కథ మొదలుపెట్టాడు. గొంతు ఎప్పటిలాగే ఉంది. ఏరు పొంగింది, పిల్లల కాళ్లు పైకి లేచాయి. జాతర వచ్చింది.

"అమ్మ వచ్చింది," అన్నాడు చలమయ్య.

అంతే. వెదురు కర్ర నేల మీద పెట్టాడు. ఎవరికీ అడ్డం లేకుండా పక్కకి జరిగి, జనానికి వీపు చేసి, తెర వైపు తిరిగి నిలబడ్డాడు.

దాసుగారు ఇవాళ కుర్చీలో లేరు. ఆఖరి బల్ల మీద, జనంలో ఒకరిగా కూర్చున్నారు. ఒళ్లో బెత్తం కర్ర ఉంది. వెండి పొన్ను చింతపండుతో తోమి ఉంది. దాని మీద తడి ఆరని కుంకుమ బొట్టు.

పక్కన కూర్చున్న పొరుగూరి ఆసామి ఉండబట్టలేకపోయాడు. "ఇదేం చోద్యమండీ. ఇతని నోట ఈ ఘట్టం వినాలని పొద్దుగూకకుండానే బండి కట్టుకొచ్చాం. అసలు చోట నోరు కట్టేసుకున్నాడు. ఎవరండీ ఇతనికి నేర్పింది?"

దాసుగారు నడుం నిటారుగా పెట్టి కూర్చున్నారు. ఉత్తరీయం సర్దుకున్నారు.

"నా శిష్యుడండీ," అన్నారు. "చెబుతున్నాడు, వినండి."