గాదె గుమ్మంలో గవరమ్మ

మల్లెగిరి కోటలో వానాకాలమంతా ఊరు తినేది ఉమ్మడి గాదెల్లోని ధాన్యమే. ఇంటికిన్ని బస్తాలని అందరూ తెచ్చి పోయాలి. ఒక్క బస్తాలో పురుగున్నా గాదె మొత్తం పాడైపోతుంది. అందుకే గుమ్మంలో గవరమ్మ కాపలా. ఎవరి బస్తా వచ్చినా ఇనుప గొట్టం గుచ్చి, అడుగునున్న గింజలు లాగి, చేటలో పోసి చూస్తేగానీ లోపలికి వదలదు. సొంత అన్న బస్తాలనే రెండుసార్లు వెనక్కి పంపిన మనిషి.

ఒకరోజు రాజుగారి బావమరిది భూపతిదేవుడు పది బస్తాలు బండికెత్తించుకుని వచ్చాడు. గవరమ్మ గొట్టం తీయగానే మండిపడ్డాడు.

“నా బస్తాకే చిల్లు పెడతావా? నేనెవరో తెలుసా?”

“మీరు తెలుసు బాబుగారూ. మీ బస్తాలే తెలియవు.”

“నా మాట చాలదా? తియ్ తలుపు!”

“చాలకేం బాబూ!” అంటూ గవరమ్మ గొట్టం పక్కన పెట్టేసి, కూలీలను కేకేసింది. “అయ్యగారి బస్తాలు చూడక్కర్లేదర్రా. కుడివైపు మొదటి గాదెలో పోసెయ్యండి. వారింటికి రోజూ గింజలు కొలిచేది దాంట్లోంచే.”

భూపతిదేవుడు గబగబా బండికి అడ్డం వచ్చాడు. “ఆగండాగండి! మేం తినే గాదెలోనా? ఇంకో దాంట్లో పొయ్యండి!”

గవరమ్మ చేట తీసి గోడకి తగిలించింది.

“అయితే తమరు ముందే చూసుకుని వచ్చారన్నమాట. నాకు పని తప్పింది. ఒరేయ్, బండి వెనక్కి తిప్పండి!”