ఎనిమిది నల్ల గింజలు

లూబోమీర్ రాజై నాలుగేళ్ళయింది. ఆ నాలుగేళ్ళలో ఒక్కపూట కూడా వేడిగా తిని ఎరగడు.

ఆ దేశంలో రాజు కొడుకు రాజు కాడు. దొరలంతా గుర్రాల మీద మైదానానికి వచ్చి, నచ్చినవాడి పేరు కేకేసి ఎన్నుకుంటారు. నాలుగేళ్ళ కిందట రెండు పేర్లు వినిపించాయి. ఎక్కువమంది లూబోమీర్ అన్నారు. మిగతావాళ్ళు అలిగిపోయి, ఉత్తరాన మరో ఊళ్ళో మరొకడికి కిరీటం పెట్టేశారు.

అప్పటినుంచీ రాజుగారి పళ్ళెంలోది ముందు ఒక నౌకరు రుచి చూడాలి. వాడికేమీ కాలేదని తేలేదాకా రాజు ఆగాలి. ఈలోగా అంతా చల్లారిపోయేది. అంత పొడుగు బల్లకు ఓ కొసన ఒక్కడే కూర్చుని, రెండు ముద్దలు కతికి లేచిపోయేవాడు. తిన్నావా అని అడిగే దిక్కు లేదు. అడిగినా అతను నమ్మేవాడు కాదు, పాపం.

ఆ చలికాలం ఎదుటిపక్షం దొరలు పదకొండుమంది పట్టుబడ్డారు. ఉరికాగితం తయారైంది. సంతకం పెట్టబోయి కలం పక్కన పెట్టేశాడు. చిన్నప్పుడు చదువు చెప్పిన సిప్రియన్ గురువు గుర్తొచ్చాడు. కాపలావాళ్ళను ఆయన ఉండే మఠం గేటు బయటే ఆపేసి, ఒక్కడే లోపలికి వెళ్ళాడు.

అక్కడా ఆరోజు ఎన్నికే! మూడేళ్ళకోసారి సన్యాసులు తమ పెద్దను ఎన్నుకుంటారు. సరేననేవాడు తెల్ల చిక్కుడు గింజ, వద్దనేవాడు నల్లది కుండలో వేస్తాడు. గెలిచినవాడు ఆ గింజల్నే వండి అందరికీ వడ్డించాలి. పొద్దున లెక్క తేలింది, సిప్రియనే మళ్ళీ గెలిచాడు. తెల్లవి పంతొమ్మిది, నల్లవి ఎనిమిది. ఇప్పుడవన్నీ బార్లీతో కలిసి పొయ్యి మీద ఉడుకుతున్నాయి.

రాజు ఉరికాగితం చూపించాడు. "నన్ను కాదన్నవాళ్ళు గురువుగారూ. ఏం చెయ్యమంటారు?"

"ముందు ఆ ఉల్లిపాయలు తరుగు నాయనా."

తరుగుతుంటే కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ఉల్లిపాయల వంకన చాలా నీళ్ళే కారాయి.

"మిమ్మల్ని వద్దన్న ఆ ఎనిమిదిమంది ఎవరు?"

"ఎప్పుడూ అడగలేదు," అన్నాడు గురువు, కుండ కలుపుతూ.

గంట కొట్టగానే అందరూ బల్లల ముందు సర్దుకున్నారు. గురువు గరిటెతో గిన్నెలు నింపుకుంటూ వచ్చాడు. రాజు చెంచా పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"ఎవరికోసం ఆగావు? చల్లారిపోతుంది."

రాజు సిగ్గుపడి గిన్నెలోకి చూశాడు. పైనే ఒక నల్ల గింజ తేలుతోంది. చెంచాతో దాన్ని గిన్నె అంచుకు నెట్టేశాడు. గురువు అది చూశాడు. పక్కనున్న ముసలి సన్యాసికి వడ్డించడానికి వెళ్ళాడు.

ఆ ముసలాయన గిన్నెలోనూ నల్లదే పడింది. ఊదుకుని తినేశాడు. తర్వాత రాజు ముందున్న రొట్టెముక్క చూసి, "నీకు చిన్నది వచ్చిందే," అంటూ తనదాంట్లో సగం తుంచి ఇచ్చాడు.

రాజు ఆ రొట్టె అందుకున్నాడు. ఆ తర్వాత నల్ల గింజను చెంచాలోకి తీసుకుని నోట్లో వేసుకున్నాడు. నాలుక చురుక్కుమంది. గిన్నె ఖాళీ అయ్యేదాకా తల ఎత్తలేదు.

వెళ్ళేముందు ఉరికాగితం తీసి పొయ్యిలో పడేశాడు. "గురువుగారూ, ఈ కుండ ఒకసారి ఇస్తారా? కోటలో పదకొండుమంది ఉన్నారు."

సిప్రియన్ కుండ తోమి చేతికిచ్చాడు. రాజు గేటు దాటబోతుంటే వెనకనుంచి పిలిచాడు.

"గరిటె కూడా తీసుకెళ్ళు నాయనా."