పల్లాలమ్మ సైకిలు చైను

మన తాతల నాటి మాట. గోదావరి పాయల నడుమ ఇసుక మేటవేసిన ఒక లంక ఉండేది. ఆ లంకకు పల్లాలమ్మ అనే మంత్రసాని ఉండేది. ఆమె హస్తవాసి మంచిదని అందరూ నమ్మేవారు. ఎవరింట నొప్పులు మొదలైనా ఆమెకే కబురు వెళ్లేది.

ఆమెకు ఒక పాత సైకిలుండేది. దాన్ని కన్నబిడ్డలా చూసుకునేది. పొద్దున్నే హ్యాండిలు తుడిచేది, చక్రాలు తళతళలాడేలా తోమేది, గంటకు చింతపండు రాసి మెరుగు పెట్టేది. రేకు కవరు మాటున ఉన్న చైనును మాత్రం ఏనాడూ చూడలేదు. కనబడని దానికి సింగారమెందుకు అనుకునేది.

ఒకనాడు దిబ్బ మీది ఇంటి నుంచి కబురొచ్చింది. సగం దారిలో చైను ఊడిపోయింది. ఎలాగో ఎక్కించుకుని వెళ్లేసరికి బిడ్డ ఏడుపు వాకిట్లోకే వినిపించింది.

"ఆలస్యమైందేం పల్లాలమ్మా?" అన్నారు ఇంటివాళ్లు.

"దారంతా ఇసుకమ్మా," అంది.

ఇంటికొచ్చి కవరు సందులోంచి చైను మీద ఇంత కొబ్బరినూనె పోసింది. కిర్రుమనడం మానింది. ఆమె మనసూ కుదుటపడింది.

కొన్నాళ్లకు రేవు దగ్గర నుంచి పిలుపొచ్చింది. ఈసారి చైను పళ్లచక్రం మీద నిలవలేదు. ఎంత తొక్కినా జారిపోయింది. ఆమె వెళ్లేసరికి ఇరుగుపొరుగమ్మలే బొడ్డు కోసేశారు.

"ఎదురుగాలమ్మా," అంది పల్లాలమ్మ, ఎవరూ అడక్కుండానే.

ఆ సాయంత్రం కొబ్బరినూనె చాలలేదనుకుని చిక్కటి ఆముదం పోసింది.

మూడోసారి సూరమ్మ కోడలు రత్నానికి నొప్పులొచ్చాయి. పల్లాలమ్మ బయలుదేరింది. కాలవగట్టు మీద చైను బిగుసుకుపోయింది. కవరు సందులో వేళ్లు పెట్టి లాగినా ముందుకూ కదలదు, వెనక్కీ కదలదు. సైకిలు అక్కడే పడేసి ఎండలో పరుగులాంటి నడక నడిచింది.

వెళ్లేసరికి కాన్పయిపోయింది. బిడ్డ బాగానే ఉంది. రత్నం మాత్రం నెత్తురంతా పోయి, సున్నం కొట్టిన గోడలా పాలిపోయి పడి ఉంది. పల్లాలమ్మ గబగబా పొత్తికడుపు నిమిరి నెత్తురు కట్టించింది. చాలాసేపటికి రత్నం కళ్లు తెరిచి మంచినీళ్లడిగింది.

అప్పుడు సూరమ్మ నెమ్మదిగా అడిగింది. "ఇవాళ ఇసుకా, గాలా?"

పల్లాలమ్మ తల దించుకుంది. "రెండూ కాదత్తా. చైను పాడైంది. విప్పి చూడకుండా పైపైన నూనె పోస్తూ వచ్చాను. మీ అందరికీ అబద్ధం చెప్పాను."

సూరమ్మ తిట్టలేదు. వేణ్ణీళ్ల చెంబు ఆమె ముందు పెట్టింది. "నీ చేతులు చూడు, ఎంత నల్లగా ఉన్నాయో. బాగా కడుక్కో. బిడ్డకి నూనె రాయడం ఆ తరవాత."

పల్లాలమ్మ చేతులు కడుక్కుంటూ ఆ మాటే తలపోసింది.

మర్నాడు ఇంటి ముందు కూర్చుని కవరు విప్పింది. లోపల ఇసుకా నూనే కలిసి నల్లటి ముద్దగా పేరుకున్నాయి. ఆ ముద్దే ఆకురాయిలా చైనును అరగదీస్తోంది. చైను ఊడదీసి కిరసనాయిలులో నానబెట్టింది. కొబ్బరి పీచుతో లింకు లింకూ రుద్దింది. పళ్లచక్రాల సందుల్లో మడ్డిని వెదురుపుల్లతో గీకింది. బిగుసుకున్న లింకులను వేళ్లతో అటూ ఇటూ వంచి ఆడించింది. కిరసనాయిలు నల్లబడినప్పుడల్లా మార్చింది. చైను బాగా ఆరాక ఒక్కో లింకుకు ఒక్కో చుక్క నూనె వేసి, పైన మిగిలింది గుడ్డతో తుడిచేసింది. పెడలు తిప్పితే చక్రం మెత్తగా తిరిగింది.

అది మొదలు ప్రతి వారం కవరు విప్పి చూసుకునేది.

వానాకాలంలో పడవలు నడిపే పోలయ్య ఇంటి నుంచి కబురొచ్చింది. బురదలోనూ సైకిలు ఆగలేదు. పల్లాలమ్మ వేళకు చేరింది. బిడ్డ పేగు మెడలో వేసుకుని వస్తున్నాడు. ఆమె వేలు పోనిచ్చి పేగు తప్పించింది. క్షణం ఆగి వాడు కేరుమన్నాడు.

బిడ్డను అందుకుంటూ పోలయ్య తల్లి కళ్లొత్తుకుంది. "దేవతలా వేళకొచ్చావు తల్లీ."

పల్లాలమ్మ వేణ్ణీళ్లు తెమ్మని చేతులు కడుక్కోవడానికి లేచింది.

మురికి మీద పోసిన నూనె మురికినే పెంచుతుంది. తప్పును కప్పక కడుక్కున్నవారే వేళకు ఒకరికి అక్కరకొస్తారు.