నగారా ఆడిన చదరంగం

ఒకానొక రాజ్యంలో మీసాలకు గడ్డుకాలం దాపురించింది. ఆ రాజ్యం మల్లెలగిరి, రాజు ఉద్దండవర్మ. ఆయనకు చదరంగమంటే ప్రాణం, ఓటమంటే ఏమిటో తెలియదు. ఎవరైనా తెలియనిస్తే కదా! ఎప్పుడూ తెల్లపావులు ఆయనవే, మొదటి ఎత్తు ఆయనదే. ఓడినవాడికి నిండుసభలో సగం మీసం గొరిగించడం అక్కడి రివాజు. రాజుగారు ఎదుటివాడి పావును చంపినప్పుడల్లా నగారా మోగించడం ఇంకో రివాజు.

ఇలా ఉండగా ఒకనాడు రాజుగారి కన్ను ముసలి దళవాయి బొమ్మనాయుడి మీద పడింది. "నాయుడూ, ఎల్లుండి మనిద్దరికీ ఆట" అన్నాడు.

దళవాయి మీసం అల్లాటప్పా మీసం కాదు, యుద్ధాల్లో నెరిసింది. ఆయన నేరుగా విదూషకుడు తిప్పన ఇంటికి వెళ్లి అరుగు మీద కూలబడ్డాడు.

"తిప్పనా, ఈ వయసులో సగం మీసంతో మనవల ముందు ఎలా తిరగనురా? ఊరు విడిచి పోతాను."

తిప్పనకు మనసు చివుక్కుమంది. చిన్నప్పుడు తనను గుర్రమెక్కించి తిప్పినవాడు ఆయన. "మీరెక్కడికీ పోనక్కర్లేదు బాబాయిగారూ. మీ బదులు నేను కూర్చుంటాను" అనేశాడు. అనేశాడు గానీ, ఆయన వెళ్లాక తన మీసం తడుముకుని బెంగపడ్డాడు. అదీ ముచ్చటపడి పెంచుకున్న మీసమే మరి.

మర్నాడు ఓడినవాళ్ల ఇళ్లకు వెళ్లి, వాళ్లు ఆడిన ఆటలు మళ్లీ పేర్చి చూపించమన్నాడు. అందరిదీ ఒకటే కథ. నల్లపావులతో ఎలా కాచుకోవాలో ఆస్థాన గురువు చెప్పిన కోట అందరికీ కంఠతా వచ్చు. ముందు బంట్లు, మూలన రాజు, పక్కన ఏనుగు, చీమ దూరే సందు ఉండదు.

"కోట బాగానే కట్టారు. ఆ తర్వాత?" అని అడిగితే, సగం మీసం పోయిన కోశాధికారి చెప్పాడు.

"ఆ తర్వాత ఏముంది నాయనా? కూర్చున్నాం. ఆయనొచ్చి కొట్టాడు."

ఇల్లు కట్టుకుని సంసారం చేయడం మరిచారన్నమాట, అనుకున్నాడు తిప్పన. ఆట మొదలు ఎలాగో గురువు చెప్పాడు, నడుమ ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. నడిమి ఆటకు ఒక ఉద్దేశం ఉండాలి. దాన్ని వెతుకుతూ అతను నల్లపావుల్ని వదిలేసి, రాజుగారి ఎత్తుల మీద దృష్టి పెట్టాడు. ఎక్కడ చంపడానికి పావు దొరికితే అక్కడికే ఆయన చెయ్యి పోతోంది, అవసరమున్నా లేకున్నా. ఓరి దేవుడా, ఈయన ఆడేది గెలవడానికి కాదు, నగారా వినడానికి!

వెంటనే రాజుగారి దగ్గరికి పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ప్రభూ, దళవాయిగారి బదులు నేను ఆడతాను. రేపు మాత్రం యుద్ధానికి వాడే పెద్ద నగారా పెట్టించండి. ఓడేది ఎలాగూ నేనే, కాస్త ఘనంగా ఓడనివ్వండి."

"మాట తెలిసినవాడివిరా" అని రాజుగారు మురిసిపోయి సరేనన్నాడు.

తెల్లవారేసరికి సభ కిటకిటలాడింది. మంగలి ఒక పక్కన కత్తి నూరుతున్నాడు. తిప్పన అందరిలాగే కోట కట్టాడు. కట్టి ఊరుకోకుండా, కోటకు దూరంగా బల్ల రెండో మూలన ఒక బంటును ఒంటరిగా ముందుకు తోశాడు. రాజుగారి గుర్రం ఎగిరి దాన్ని చంపింది. సభ అదిరేలా నగారా మోగింది. పక్క బంటును తోస్తే ఏనుగొచ్చి చంపింది, మళ్లీ నగారా. రాజుగారు మీసం దువ్వుకున్నాడు. చివరికి ఆయన మంత్రి కూడా ఆ మూలకే వేటకు పోయాడు.

బొమ్మనాయుడు చూడలేక కళ్లు మూసుకున్నాడు. తిప్పనకూ భయమే, ఆ మూల ఖాళీ అయితే తెల్లసైన్యం అతని కోట మీదికే తిరుగుతుంది. కానీ నగారా మోగినప్పుడల్లా ఆ మోతలోనే అతను తన శకటునో గుర్రాన్నో తెల్లరాజు వైపు జరుపుతూ వచ్చాడు. ఇప్పుడు తన మంత్రిని తీసుకెళ్లి ఆ రాజు ఎదురుగా నిలబెట్టాడు.

"ఆట కట్టు, ప్రభూ."

రాజుగారు వంగి చూశాడు. తన సైన్యమంతా ఆ మూలన విందు భోంచేసి కూర్చుంది. ఈ పక్క తెల్లరాజు ఒక్కడే దిక్కూమొక్కూ లేకుండా ఉన్నాడు. కత్తి నూరే చప్పుడు ఆగిపోయింది.

"తిప్పనా," అన్నాడు రాజు, ముఖం కందగడ్డలా చేసుకుని. "ఓడినవాడి మీసం తీయించడం మన రివాజు. ఇప్పుడేం చేద్దామో బాగా ఆలోచించి చెప్పు."

మీసం మాట దేవుడెరుగు, ఇప్పుడు తలకే వచ్చింది, అనుకున్నాడు తిప్పన.

"ఓడింది మీరైతే కదా ప్రభూ? ఇవాళ ఒక్క ఎత్తు మీరు వేస్తే ఒట్టు. గుర్రాన్ని ఆ మూలకు పిలిచింది నగారా, ఏనుగును పిలిచింది నగారా, మంత్రిని తోలింది కూడా అదే. కాబట్టి ఓడింది నగారా. గొరిగిద్దామంటే పాపం, దానికి మీసం లేదు."

రాజుగారి మూతి ఒక పక్కన వణికింది. ఆపుకోబోయాడు గానీ నవ్వు ఆగలేదు, పొట్ట పట్టుకుని నవ్వాడు. మెడలోని ముత్యాలహారం తీసి తిప్పన మెడలో వేశాడు. మీసాల రివాజు ఆ క్షణానే రద్దు చేశాడు. బొమ్మనాయుడు ఉత్తరీయంతో కళ్లు ఒత్తుకుంటుంటే చూసి తిప్పనకు కడుపు నిండిపోయింది.

రాజుగారు బల్లను తనే ఇటు తిప్పి, నల్లపావులు తన ముందుకు లాక్కున్నాడు.

"కోట కట్టాక ఏం చేయాలో రేపు నాకు నేర్పు" అని, ద్వారం వైపు చూసి అన్నాడు, "ఆ నగారా వాణ్ణి మాత్రం రావద్దనండి."