అడిగి తీసుకున్న కొమ్ము

అనగనగా, ఏడు సముద్రాలకు ఇవతల, ఎద్దుల మువ్వలు మోగే దేశంలో ఒక రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఒకనాడు గురువుగారు ముగ్గురినీ కూర్చోబెట్టి అడిగారు.

"నాయనలారా! ఎద్దు కొమ్మునూ శృంగమే అన్నారు, కొండ కొననూ శృంగమే అన్నారు పెద్దలు. ఎందుకంటారు?"

"రెండూ పొడుచుకొచ్చి ఉంటాయి కనక" అన్నాడు పెద్దవాడు.

"రెండూ అన్నిటికన్నా ఎత్తున ఉంటాయి కనక" అన్నాడు రెండోవాడు.

చిన్నవాడు వసంతకేతుడు మాత్రం "నాకు తెలియదు గురువుగారూ" అన్నాడు. అన్నలు పకపకా నవ్వారు.

"తెలిసిననాడే చెప్దువుగాని" అన్నారు గురువుగారు.

కొన్నాళ్లకు కరాళుడనే మాంత్రికుడు పొరుగుదేశపు రాకుమారి హేమలేఖను ఎత్తుకుపోయాడు. విడిపిస్తామని వెళ్లిన అన్నలిద్దరూ తిరిగి రాలేదు. వాళ్ల కోసం వసంతకేతుడు బయలుదేరాడు. ఒక పెద్ద తాబేలు జాలిపడి అతన్ని ఏడు సముద్రాలూ దాటించింది.

అక్కడ కొండ కొన మీద ఒక ముసలి ఎద్దు, దాని పక్కనే రాళ్లయిపోయిన అన్నలు. వసంతకేతుడికి దుఃఖం ఆగలేదు. ఎద్దుకు మేత వేస్తున్న హేమలేఖ గబగబా దగ్గరికొచ్చింది.

"రాకుమారా! మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంది. ఆ చిలకను ఈ ఎద్దు కొమ్ము తొర్రలో దాచి, పైన లక్కతో మూశాడు. కొమ్ముకు కత్తి ఆనించినవాడు రాయైపోతాడు. మీ అన్నలు చేసిన పని అదే."

ఏం చెయ్యాలో తోచక అతను ఎద్దు వంక చూశాడు. ఆ రోజు ఏరువాక పున్నమి. తమ దేశంలో ఈపాటికి ప్రతి ఎద్దుకూ స్నానమై, కొమ్ములకు రంగు పడి ఉంటుంది. దీని కొమ్ములేమో మట్టిగొట్టుకుని, పెచ్చులు లేచి ఉన్నాయి. అతనికి మనసు చివుక్కుమంది. వంగి దణ్ణం పెట్టాడు.

"పండగపూట ఇలా ఉంటావా తాతా? కొమ్ములు కడగమంటావా?"

ఎద్దు తల దించింది. "నీ అన్నలు కొమ్ము కోసం వచ్చారు నాయనా. నన్ను అడిగినవాడివి నువ్వే. కడుగు."

హేమలేఖ నూనె కాచి తెచ్చింది. అతను కొమ్ములు కడిగి, వేడి నూనె పట్టించి, పసుపు పూశాడు. ఆ వేడికి లక్క మెత్తబడి జారిపోయింది, చిలక తుర్రుమంది! మాంత్రికుడు కత్తికి మంత్రకట్టు కట్టాడు గాని నూనెగిన్నెకు కట్టలేదు. ఏనాడైనా ఎద్దుకు పండగ చేసినవాడైతే కదా! దాచుకున్న ప్రాణం ఎగిరిపోగానే ఉన్నచోటే కుప్పకూలాడు. అన్నలు రాళ్లలోంచి లేచి తమ్ముణ్ణి వాటేసుకున్నారు.

తాబేలు ఎద్దుతో సహా అందరినీ ఇవతలికి దాటించాక వసంతకేతుడికీ హేమలేఖకీ పెళ్లయింది. ఊరేగింపులో అందరికన్నా ముందు నడిచింది ఆ ఎద్దే. నాలుగేళ్లకు అది పోతూ పోతూ "నా కొమ్ము నీకే నాయనా" అంది. అతను ఏడ్చి, ఆ కొమ్మును బూర చేయించాడు. ఏరువాకనాడు ఊదితే ఎదురుగా ఉన్న కొండ కొన మారుపలికింది.

"ఇప్పుడు తెలిసింది గురువుగారూ" అన్నాడు వసంతకేతుడు. "కొమ్ముకైనా కొండకైనా ముందు దణ్ణం పెట్టాలి. ఆ తరవాతే చెయ్యి వెయ్యాలి."

ముసలి గురువుగారు పసుపుగిన్నె తీసుకుని ఎద్దుల దగ్గరికి నడిచారు. వసంతకేతుడు ఎనభై ఏరువాకలు చూసేదాకా రాజ్యమేలాడు. ప్రతి ఏరువాకకూ మొదటి కొమ్ముకు పసుపు రాజుగారి చేతిదే.